వేటకు వెళ్తున్నాను, ఏ బైనాక్యులర్ కొనాలి?

ప్రశ్న: నమస్తే అండీ. మాది నంద్యాల జిల్లా. తొమ్మిదేళ్లుగా టెక్సస్‌లో, శాన్ ఆంటోనియోలో ఉద్యోగం చేస్తున్నాను. ఆఫీసు స్నేహితుడు ఒకాయన ఈ నవంబరులో లానో దగ్గరున్న తన డీర్ లీజుకి (జింకల వేట కోసం కౌలుకు తీసుకున్న స్థలం) వేటకు రమ్మన్నాడు. హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు పూర్తి చేశాను. తుపాకీ ఆయనే ఇస్తానన్నాడు. బైనాక్యులర్ మాత్రం నన్నే తెచ్చుకోమన్నాడు. ఒకరు 10×42 కొనమంటారు, షాపులో అబ్బాయి 12×50 తీసుకోమంటాడు, ఇంకొకరు తుపాకీకి గురిచూసే దుర్భిణి (స్కోపు) ఉండగా ఇదెందుకు దండగ అంటున్నారు. నాకు కళ్లద్దాలు ఉన్నాయి. 300 డాలర్లు దాటి పెట్టలేను. పది పదిహేనేళ్లు మన్నాలి. ఊరికి వచ్చినప్పుడు నాన్నతో కలిసి రోళ్లపాడు వెళ్లి పిట్టల్ని చూడటానికి కూడా పనికొస్తే బాగుంటుంది. ఏది కొనమంటారు?

జవాబు: మీరు మధ్యలో రాసిన ఒక మాటకే ముందు జవాబు చెబుతాను. "స్కోపు ఉండగా ఇదెందుకు" అన్నవాళ్ల మాట దయచేసి వినకండి. మిగతా విషయాల్లో కాస్త అటూ ఇటూ అయినా ఫర్వాలేదు. ఈ ఒక్క దాంట్లో రాజీ పడకూడదు.

స్కోపు తుపాకీకి బిగించి ఉంటుంది. స్కోపులోంచి దేన్ని చూసినా తుపాకీ గొట్టం దాని వైపే తిరిగి ఉంటుంది. పొదలో ఏదో కదిలింది, జింకో కాదో తెలియదు, చూద్దామని స్కోపు ఎత్తారనుకోండి. అది కంచె బాగుచేసుకుంటున్న పక్క రైతు అయితే మీరు ఒక మనిషి మీద తుపాకీ గురిపెట్టినట్టే. కోర్సులో ఈ మాట మీకు చెప్పే ఉంటారు. నేను వేటకు కొత్తగా వెళ్తున్న రోజుల్లో ఒక ఉదయం అలాగే తుపాకీ ఎత్తబోయాను. పక్కన కూర్చున్న పెద్దాయన ఏమీ మాట్లాడకుండా గొట్టం మీద చెయ్యి వేసి కిందికి దించాడు. తన బైనాక్యులర్ నా చేతికిచ్చాడు. దాంట్లోంచి చూస్తే జీన్స్ ప్యాంటు, చేతిలో బకెట్, ఒక మనిషి. ఆ రోజు తర్వాత బైనాక్యులర్ లేకుండా నేను వేటకు వెళ్లలేదు. వెతకడానికి, గుర్తుపట్టడానికి బైనాక్యులర్. అది ఏమిటో, దాని వెనక ఏముందో ఖాయమయ్యాకే తుపాకీ. అందుకే మీరు పెట్టే 300 డాలర్లు దండగ కాదు.

ఇంకో మాట. మీరు ఏ వీసా మీద ఉన్నారో రాయలేదు. హెచ్-1బి లాంటి తాత్కాలిక వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ పట్టడం అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం మామూలుగా నేరం. చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్స్ ఉన్నవాళ్లకు మినహాయింపు ఉంది. తుపాకీ స్నేహితుడిదే అయినా మీ చేతిలోకి వచ్చేముందే లైసెన్స్ మీ జేబులో ఉండాలి. కోర్సు సర్టిఫికెట్ వేరు, లైసెన్స్ వేరు.

ఇప్పుడు అంకెల సంగతి. 8×42 అంటే ఎనిమిది రెట్లు దగ్గరగా చూపిస్తుంది, ముందు లెన్స్ అడ్డుకొలత 42 మిల్లీమీటర్లు. మొదటిసారి కొనేవాళ్లందరూ మొదటి అంకె ఎంత పెద్దదైతే అంత మంచిదనుకుంటారు. పన్నెండు రెట్లు పెంచే బైనాక్యులర్ మీ చేతి వణుకునీ పన్నెండు రెట్లు పెంచుతుంది. తెల్లవారుజాము చలిలో, నిండా బట్టలు వేసుకుని, కాఫీ కప్పు పక్కన పెట్టి చూస్తుంటే ఆ వణుకు ఇంకా ఎక్కువగా ఉంటుంది. అంకె పెరిగేకొద్దీ ఒక్కసారిగా కనబడే స్థలం కూడా తగ్గిపోతుంది. ఉదాహరణకు వోర్టెక్స్ డైమండ్‌బ్యాక్ హెచ్‌డీ అనే మోడల్‌లో వెయ్యి గజాల దూరాన 8×42 అయితే దాదాపు 390 అడుగుల వెడల్పు కనిపిస్తుంది, అదే 10×42లో 330 అడుగులే. పొదల మధ్య చెవో తోకో వెతికేటప్పుడు ఆ 60 అడుగుల తేడా మీకు బాగా తెలుస్తుంది.

లానో కొండల్లో మీరు కూర్చునే చోటు నేను ఊహించగలను. అక్కడ బ్లైండ్ అంటారు. మన జొన్నచేలో కాపలా మంచె లాంటిదే, కాకపోతే నాలుగు వైపులా గోడలుండి చిన్న కిటికీలు ఉంటాయి. ఎదురుగా వంద గజాలు అటూ ఇటూగా మక్కజొన్న గింజలు చల్లే ఫీడర్ ఉంటుంది. చుట్టూ లైవ్ ఓక్ చెట్లు, సీడర్ పొదలు, మెస్కీట్. మెస్కీట్‌ను చూడగానే మీకు ఊరు గుర్తొస్తుంది, మన సర్కారు తుమ్మకు అది దాయాది. అంత దగ్గరి చూపుకు, అన్ని పొదలున్న చోటుకు ఎనిమిది రెట్లు బాగా సరిపోతుంది. రెండు మూడు మైళ్ల అవతలి కొండవాలును గాలించాల్సిన వ్యోమింగ్, అరిజోనా లాంటి చోట్లకు పోయేవాళ్లు 10 కొనడంలో అర్థం ఉంది. మీరు టెక్సస్ దాటి పడమటికి పోయే ఆలోచనలో లేకపోతే నా మాట 8×42. మీకు ఒకరు చెప్పిన 10×42 తప్పేమీ కాదు, చాలామంది వేటగాళ్ల మెడలో ఉండేది అదే. 12×50 మాత్రం స్టాండ్ మీద బిగించుకుంటే తప్ప వద్దు. 10-30×50 అని రాసి ఉండే జూమ్ రకాల జోలికి అసలు పోకండి. వాటి సంగతి కింద చెబుతాను.

8×42ను నేను ఇంతగా చెప్పడానికి ఇంకో కారణం వెలుతురు. తెల్లతోక జింక నడిమధ్యాహ్నం పెద్దగా తిరగదు. కోడి కూసే వేళ, మళ్లీ మునిమాపు వేళ బయటకొస్తుంది. టెక్సస్‌లో వేటకు చట్టం ఇచ్చిన సమయం సూర్యోదయానికి అరగంట ముందు మొదలై సూర్యాస్తమయం తర్వాత అరగంట దాకా. ఆ మొదటి అరగంట, ఆఖరి అరగంటే అసలైనవి. ఆ మసకలో ఏ బైనాక్యులర్ ఎంత వెలుగు ఇస్తుందో తెలుసుకోవడానికి చిన్న భాగహారం చాలు. ముందు లెన్స్ కొలతను రెట్లతో భాగించండి. 42ని 8తో భాగిస్తే 5.25. అంటే వెనక నుంచి వచ్చే వెలుగు చుక్క 5.25 మిల్లీమీటర్లు. 10×42లో 4.2. జేబులో పట్టే 10×25లో రెండున్నరే. చీకట్లో కుర్రవాళ్ల కంటిపాప దాదాపు 7 మిల్లీమీటర్లు విచ్చుకుంటుంది, యాభై దాటినవాళ్లకు 5 దగ్గర ఆగిపోతుంది. పట్టపగలు జేబు బైనాక్యులర్‌కీ దీనికీ పెద్ద తేడా ఉండదు. మునిమాపులో ఒకదాంట్లో జింక కొమ్ములు కనబడతాయి, ఇంకోదాంట్లో నల్లటి మచ్చ కనబడుతుంది.

కొమ్ములు కనబడటం కూడా ముచ్చట కోసం కాదు. టెక్సస్‌లో చాలా కౌంటీల్లో రెండు కొమ్ములూ చీలి ఉన్న మగ జింకకైతే కొమ్ముల లోపలి వెడల్పు కనీసం 13 అంగుళాలు ఉండాలన్న నిబంధన ఉంది. మీరు వెళ్లే కౌంటీలో ఉందో లేదో ముందే చూసుకోండి. చెవులు రిక్కించి నిలబడ్డ జింకకు చెవి కొస నుంచి చెవి కొసకు దాదాపు అంతే వెడల్పు ఉంటుంది. కొమ్ములు చెవులు దాటి బయటికి ఉన్నాయా అని చూస్తారు. దీన్ని స్థిమితంగా చూసి తేల్చుకోవాలి, తొందరపడి కాదు. అక్కడ మీకు మన చుక్కల దుప్పి కూడా ఎదురుపడవచ్చు. 1930ల్లో తీసుకెళ్లి వదిలినవి ఆ కొండల్లో బాగా పెరిగాయి, వాళ్లు యాక్సిస్ అంటారు. తెల్లతోక జింక పిల్లలకూ చుక్కలుంటాయి గానీ నవంబరు నాటికి అవి పోతాయి. ఒళ్లంతా చుక్కలతో పెద్ద జంతువు కనిపిస్తే అది దుప్పే. అలాంటివి కనిపిస్తే ఏం చేయాలో లీజు ఉన్న మీ స్నేహితుణ్ణి ముందే అడగండి.

ఇక మన్నిక. మీరు పదిహేనేళ్లు అన్నారు కాబట్టి ఇక్కడ కాస్త ఆగి చెబుతాను.

బైనాక్యులర్‌ను పాడుచేసేవి ముఖ్యంగా రెండు. లోపలికి పోయే తేమ, కింద పడటం. నేను మొదట కొన్నది, పైన వద్దన్నానే, ఆ జూమ్ రకమే. పగలు ఇంట్లోంచి చూస్తే బాగానే ఉండేది. ఒక నవంబరు పొద్దున కారు వేడిలోంచి తీసి చలిలోకి తీసుకెళ్లగానే లెన్స్ లోపలి వైపు ఆవిరి పట్టేసింది. బయట పట్టిన ఆవిరైతే తుడవొచ్చు, లోపల పట్టినదాన్ని ఏం చేస్తాం? ఆ పూట అంతా మంచెలో గుడ్డిగా కూర్చున్నాను. తర్వాత ఏడాదికి ఒక గొట్టం పక్కకు జరిగి ఒకే చెట్టు రెండుగా కనబడటం మొదలైంది. జూమ్‌లో కదిలే భాగాలెక్కువ, రెండు గొట్టాలూ ఎప్పుడూ ఒకే రకంగా కదలాలి. చవక ధరలో అది కుదిరే పని కాదు.

అందుకని పెట్టె మీద రెండు విషయాలు చూడండి. వాటర్‌ప్రూఫ్ అని ఉండాలి, లోపల నైట్రోజన్ గానీ ఆర్గాన్ గానీ నింపారని ఉండాలి. గాలి తీసేసి పొడి వాయువు నింపి, రబ్బరు రింగులతో మూసేస్తే లోపల ఆవిరి పట్టడానికి తేమే ఉండదు. "వాటర్ రెసిస్టెంట్", "వెదర్ రెసిస్టెంట్" అని మాత్రమే ఉంటే అది వేరే సంగతి, నాలుగు చినుకులకు ఆగుతుందేమో గానీ లోపలి ఆవిరిని ఆపదు. మన వైపు కూడా ఇది అవసరమే. కాకినాడలోనో నెల్లూరులోనో ఉండేవాళ్ల లెన్సులకు ఫంగస్ పట్టేది ఈ తేమ వల్లే.

తర్వాత లోపలి ప్రిజం, అంటే వెలుగును మళ్లించి బొమ్మను నిటారుగా చూపే గాజు దిమ్మ. రెండు రకాలున్నాయి. పాత సినిమాల్లో మిలిటరీవాళ్ల చేతుల్లో కనబడే, భుజాలు బయటికి పొడుచుకొచ్చిన ఆకారం పోరో రకం. తిన్నగా రెండు గొట్టాల్లా ఉండేది రూఫ్ రకం. పోరోను తయారు చేయడం తేలిక, అందుకే 150 డాలర్ల లోపల దొరికేవాటిలో పోరోలో బొమ్మ తేటగా ఉంటుంది. అయితే బరువెక్కువ, వెడల్పెక్కువ. ఫోకస్ తిప్పినప్పుడు కంటివైపు భాగం బయటికీ లోపలికీ కదులుతుంది కాబట్టి తేమ పోకుండా మూయడం కష్టం. నికాన్ యాక్షన్ ఎక్స్‌ట్రీమ్ 8×40 లాంటి వాటర్‌ప్రూఫ్ పోరోలు లేకపోలేదు. డబ్బు ఇంకా తగ్గించాలంటే అది నిజాయతీ గల వస్తువు. మీకు 300 ఉంది కాబట్టి రూఫ్ వైపు వెళ్లండి. కానీ రూఫ్ ప్రిజంలో వెలుగు రెండు పాయలుగా చీలి మళ్లీ కలుస్తుంది, ఆ కలయికలో తేడా వచ్చి బొమ్మ పలచబడుతుంది. దాన్ని సరిచేసే పూతను ఫేజ్ కోటింగ్ అంటారు. జైస్ కంపెనీ 1988లో తెచ్చింది, ఒకప్పుడు ఖరీదైనవాటికే ఉండేది, ఇప్పుడు 200 డాలర్ల వాటిలోనూ వస్తోంది. అది లేని రూఫ్ రకం కొనకండి.

లెన్సుల మీద పూత కూడా అంతే ముఖ్యం. పూత లేని గాజు ప్రతి ముఖం దగ్గరా దాదాపు 4 శాతం వెలుగును వెనక్కి తిప్పేస్తుంది. ఒక్కో గొట్టంలో అలాంటి ముఖాలు పది దాకా ఉన్నాయనుకుంటే కంటికి చేరేది మూడింట రెండు వంతులే. "ఫుల్లీ మల్టీ కోటెడ్" అని ఉంటే అన్ని ముఖాలకూ పలు పొరల పూత ఉన్నట్టు. ఉత్త "కోటెడ్" అంటే ఏదో ఒకదానికి పూసి వదిలేసినా ఆ మాట రాసుకోవచ్చు. ఎర్రగా మెరిసే "రూబీ" లెన్సులు చూడ్డానికి గొప్పగా ఉంటాయి. ఆ ఎరుపంతా మీ కంటికి చేరాల్సిన వెలుగే, వెనక్కి పోతోంది.

మీ కళ్లద్దాల గురించి. ఐ రిలీఫ్ అనే కొలత ఒకటి ఉంటుంది. కన్ను లెన్స్‌కు ఎంత దూరం దాకా జరిగినా మొత్తం బొమ్మ కనబడుతుందో అది చెబుతుంది. అద్దాలున్నవాళ్లకు కనీసం 16 మిల్లీమీటర్లు కావాలి. తక్కువైతే తలుపు సందులోంచి చూసినట్టు ఉంటుంది. 8 రెట్ల వాటిలో ఇది మామూలుగా కాస్త ఎక్కువే ఉంటుంది, మీకు 8×42 చెప్పడానికి ఇదీ ఒక కారణం. చూసేటప్పుడు కంటి కప్పులను పూర్తిగా కిందికి తిప్పేయడం మరిచిపోకండి. అద్దాలు లేని నాన్నగారికి ఇచ్చేటప్పుడు పైకి తిప్పి ఇవ్వాలి.

ఇక పేర్లు. మీ బడ్జెట్‌లో నేను ముందు చెప్పేవి రెండు: వోర్టెక్స్ డైమండ్‌బ్యాక్ హెచ్‌డీ 8×42, నికాన్ మోనార్క్ ఎం5 8×42. రెండూ మామూలుగా 200, 300 డాలర్ల మధ్య దొరుకుతాయి, రెండూ 600 గ్రాములు అటూ ఇటూ. వోర్టెక్స్‌లో చూపు వెడల్పు, ఐ రిలీఫ్ 17 మిల్లీమీటర్లు. నికాన్‌లో చూపు కాస్త ఇరుకు, ఐ రిలీఫ్ మాత్రం 19.5, మందపాటి అద్దాలున్నవాళ్లకు హాయి. వోర్టెక్స్‌కు ఇంకో బలం ఉంది. కింద పడి పగిలినా, రసీదు లేకపోయినా, వేరేవాళ్ల దగ్గర సెకండ్ హ్యాండ్‌లో కొన్నా బాగుచేసి గానీ మార్చి గానీ ఇచ్చే జీవితకాల వారంటీ. పోగొట్టుకుంటే, దొంగతనానికి పోతే మాత్రం వర్తించదు. పదిహేనేళ్లు అన్నది మీకు నిజంగా ముఖ్యమైతే, అద్దాలతో చూసినప్పుడు బొమ్మ అంచులు పూర్తిగా కనబడితే, నా ఓటు డైమండ్‌బ్యాక్‌కి. కనబడకపోతే మోనార్క్. స్వరోవ్‌స్కీ, లైకా, జైస్ వాళ్ల పై రకాలు రెండు మూడు వేల డాలర్లు ఉంటాయి, వాటిలో మునిమాపు ఇంకొంచెంసేపు ఆగినట్టే ఉంటుంది, అది నిజం. కానీ వంద గజాల ఫీడర్ దగ్గరి జింకకు అవి అక్కర్లేదు. అదే దుకాణంలో 60 డాలర్లకు దొరికేవాటికీ వీటికీ మధ్య తేడా మాత్రం చాలా పెద్దది.

ఆన్‌లైన్‌లో కాకుండా పెద్ద వేట సామాన్ల దుకాణానికి వెళ్లి చేతిలోకి తీసుకుని కొనండి. వీలైతే సాయంత్రం వెళ్లండి. ట్యూబులైట్ల కింద అన్నీ బాగానే కనబడతాయి. దుకాణం అవతలి మూలన అరల కింద చీకటిగా ఉండే చోట పెట్టెల మీద అక్షరాలు చదవండి. బయటికి తీసుకెళ్లనిస్తే ఆకాశం ముందున్న కరెంటు తీగను చూడండి, తీగ పక్కన ఊదా రంగు గీత మందంగా కనబడితే గాజు నాసిరకం. చేయి చాచి పట్టుకుని వెలుతురు వైపు తిప్పితే కంటివైపు లెన్స్‌లో తెల్ల చుక్క కనిపిస్తుంది, అది గుండ్రంగా ఉండాలి, అంచులు కోసినట్టు చతురస్రంగా ఉండకూడదు. ఆఖరుగా ఐదు నిమిషాలు ఆగకుండా చూడండి. కళ్లు లాగినట్టు, తల పట్టేసినట్టు అనిపిస్తే రెండు గొట్టాలు కలవలేదన్నమాట, ఆ జత వద్దు, అదే మోడల్‌లో ఇంకో జత అడగండి.

దాంతోపాటు 20, 30 డాలర్లు మిగిల్చుకుని ఛాతీ మీద బిగించే హార్నెస్ కొనండి. పెట్టెలో వచ్చే మెడ తాడు రెండు గంటల్లో మెడ నొప్పి పుట్టిస్తుంది, వంగినప్పుడల్లా బైనాక్యులర్ ఊగి ఏదో ఒకదానికి తగులుతుంది. తుడిచేటప్పుడు చొక్కా అంచు వాడొద్దు. ముందు దుమ్ము ఊదేసి, మెత్తటి బ్రష్‌తో దులిపి, ఆ తర్వాతే లెన్స్ గుడ్డ. సన్నటి ఇసుక ఒక్క రేణువున్నా పూత మీద గీత పడుతుంది, ఏ వారంటీ ఉన్నా ఆ సీజన్ పోయినట్టే.

వేటకు వెళ్లకముందే దానితో చూడటం అలవాటు చేసుకోండి. ఇంటి దగ్గర పార్కులో ఉడుతను కంటితో చూస్తూ, చూపు తిప్పకుండా బైనాక్యులర్‌ను కళ్ల దగ్గరికి తేవాలి. కింద చూసి, ఎత్తి, మళ్లీ వెతికితే జింక ఉండదు. మోచేతులు కిటికీ చట్రం మీదో మోకాళ్ల మీదో ఆనించండి. మొత్తం జింక కోసం వెతకొద్దు. నిలువు చెట్ల మధ్య అడ్డంగా ఒక గీత, కదిలే చెవి, ముక్కు మీద తడి మెరుపు, వీటి కోసం చూడండి.

రోళ్లపాడు సంగతి రాశారు, సంతోషం. బట్టమేక పిట్ట కోసం 1988లో ఏర్పడిన అభయారణ్యం అది. ఆ పిట్ట ఇప్పుడు కనబడటం గగనమే. చలికాలం సాయంత్రాలు పిల్లిగద్దలు గడ్డిలో పడుకోవడానికి దిగుతాయి, కృష్ణజింకలు ఉంటాయి. ఆ మసక వెలుతురులో ఈ 8×42 మీకు మళ్లీ పనికొస్తుంది. అక్కడ చూడటం మాత్రమే. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద మన దగ్గర వేట నిషిద్ధమని మీకు తెలుసు, అయినా టెక్సస్ ఫోటోలు చూసి ఊళ్లో కుర్రవాళ్లు ఎవరైనా సరదా పడితే మీరే గట్టిగా చెప్పాలి. విమానంలో మాత్రం చెక్-ఇన్ పెట్టెలో వేయకండి, చేతి సంచిలోనే తెచ్చుకోండి.

ఇక ఒక్క పని మిగిలింది. కుడి కంటివైపు డయాప్టర్ అనే చిన్న రింగు ఉంటుంది. ముందు కుడి లెన్స్ మూసి, మధ్య చక్రం తిప్పి ఎడమ కంటికి దూరంగా ఉన్న బోర్డు స్పష్టంగా కనబడేలా చేయండి. తర్వాత ఎడమది మూసి, చక్రం ముట్టుకోకుండా ఈ రింగు మాత్రం తిప్పి కుడి కంటికి సరిచేయండి. ఇది ఒక్కొక్కరికి ఒక్కోలా ఉంటుంది. మీ గుర్తు ఎక్కడుందో, నాన్నగారి గుర్తు ఎక్కడుందో ఒక చిన్న కాగితం మీద రాసి కేసులో పెట్టుకోండి. పిట్ట ఎదురుగా ఉన్నప్పుడు ఆయన దాని కోసం తడుముకోవాల్సిన పని ఉండదు.